సాంచెలు ఆగినప్పుడు

2019 వేసవి. కరీంనగర్‌లో మా మహిళా సహాయ కేంద్రం అప్పట్లో ఒక పాత క్వార్టర్‌లో నడిచేది. లైంగిక దాడికి గురైన ఆడవాళ్లు స్టేషన్‌కు వెళ్లినా, ఆసుపత్రికి వెళ్లినా, కోర్టుకు వెళ్లినా పక్కన ఉండటం నా పని. కాగితాల్లో దీన్ని సపోర్ట్ పర్సన్ అంటారు. మందమర్రిలో ఉండే మా అవ్వ, అంటే మా అమ్మ, మాత్రం ఎవరడిగినా "మా బిడ్డది కోర్టు కాడ కూసునే నౌకరి" అని చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు. నా సర్వీసులో సగం బెంచీల మీదే గడిచింది.

మా కేంద్రంలోని కౌన్సెలింగ్ గది అంటే నాకు కాస్త గర్వం. తలుపు మూయాలి, ఫోన్ పక్కన పెట్టాలి, గొంతు తగ్గించి మాట్లాడాలి అని శిక్షణలో చెప్పారు. నేను ఇంకో అడుగు ముందుకేసి, టకటకమనే ఆ పాత ఫ్యాన్‌ను కూడా ఆపేసేదాన్ని. ఎండాకాలం కరీంనగర్‌లో ఫ్యాన్ ఆపుకుని కూర్చోవాలంటే ఎంత భక్తి ఉండాలో ఇక్కడివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దంలో మనసు తెరుచుకుంటుందని నా నమ్మకం.

ఆ గదిలోకి రజిత వచ్చింది. పేరు మార్చాను. ఇరవై దాటిన పిల్ల, సన్నగా, తల దించుకుని, చున్నీ అంచును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. వెంట తల్లి లక్ష్మి. వాళ్లది కరీంనగర్‌కు దగ్గర్లో నేతపని మీద బతికే ఊరు. మరమగ్గాలను అక్కడ సాంచెలు అంటారు. తల్లీకూతుళ్లిద్దరూ ఒక సాంచెల షెడ్డులో కండెలు చుట్టేవాళ్లు, అంటే మగ్గంలో పెట్టే చిన్న కడ్డీలకు నూలు చుట్టే పని. ఆ షెడ్డు నడిపే ఆసామి రజిత మీద అఘాయిత్యం చేశాడు. జరిగింది కూతురు తల్లికి చెప్పింది. తల్లి వెళ్లి స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చింది.

కేసు నమోదైంది, ఆసుపత్రి పరీక్షలు అయ్యాయి. ఇక 164 స్టేట్‌మెంట్ మిగిలింది. అంటే బాధితురాలు మేజిస్ట్రేటు ముందు కూర్చుని, జరిగింది తన నోటితో తాను చెప్పడం. తల్లి చెప్పింది ఎంత నిజమైనా తల్లి చెప్పిందే అవుతుంది. కేసు నిలబడాలంటే రజిత మాట్లాడాలి. ఆమె మాట్లాడలేదు.

నేను అడిగినా, మహిళా ఎస్సై మామూలు చీర కట్టుకొచ్చి ఓపికగా కూర్చున్నా, నోటి నుంచి ఒక్క ముక్క రాలేదు. అన్నం తిన్నావా అంటే తల ఊపడమే. అవతల ఆసామి తరఫువాళ్లు ఊళ్లో మాట పుట్టించారు: "పిల్లకేం కాలే, అంత తల్లి కల్పించి చెప్తున్నది." రజిత నోరు తెరవని ప్రతి రోజూ ఆ మాట బలపడుతూ వచ్చింది.

"ఇంట్ల మంచిగనే మాట్లాడుతది మేడం. గీ గదిలకొస్తే ఏమైతదో, నోరే పెగులుతలేదు" అని లక్ష్మి కళ్లొత్తుకునేది. నేను ఇంకొంచెం గొంతు తగ్గించేదాన్ని. ఇంకొంచెం నిశ్శబ్దం పెంచేదాన్ని. రోగం ఒకటైతే మందు ఇంకొకటి వేస్తున్నానని నాకు తెలియలేదు.

ఒకరోజు వాళ్లను ఇంటి దగ్గర దిగబెట్టడానికి నేనూ బస్సెక్కాను. పాత ఆర్డినరీ బస్సు. వాళ్లిద్దరికీ ఇంజన్ పక్క సీటు దొరికింది, నాకు వాళ్ల ఎదురుగా. ఆ మోతలో కండక్టర్ అరిచినా వినపడటం లేదు. కిటికీలోంచి చూసి తల తిప్పేసరికి రజిత పెదవులు కదులుతున్నాయి. గడగడా మాట్లాడుతోంది. లక్ష్మి ఆమె మొహంలోకే చూస్తూ తనూ పెదవులు కదిపి జవాబిస్తోంది. మధ్యలో ఒకసారి రజిత మొహం మీద నవ్వులాంటిది కూడా వచ్చి పోయింది. నేను ఆ మొహాన్ని అలా చూడటం అదే మొదలు.

బస్సు దిగాక అడిగాను. "అక్కా, ఏం చెప్తోంది?"

"ఆకలైతుందంట మేడం."

"అంతసేపూ అదేనా?"

లక్ష్మి కొంచెం సిగ్గుపడింది. "మీ చీర మంచిగున్నదంటుంది. గంతే."

తర్వాత వాళ్లింటి అరుగు మీద కూర్చుని అసలు సంగతి చెప్పింది. సాంచెలు నడిచే చోట చెవులు పనిచేయవు. అక్కడ పనిచేసేవాళ్లంతా ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట తెలుసుకుంటారు. రజిత ఉయ్యాల కూడా సాంచెల పక్కనే కట్టారు. "మోత ఉంటెనే దానికి నిద్ర పట్టేది మేడం. సప్పుడు బందైతే లేసి ఏడ్సేది. నాకు గీ ముచ్చట చెప్పింది గూడ సాంచెల కాడనే. పెదవులతోని చెప్పింది."

ఇంట్లోకి ఒకసారి తొంగిచూసి మళ్లీ అంది. "గా దినం గాలిదుమారమొచ్చి కరెంటు పోయింది. సాంచెలన్ని ఆగినయి. అందరు ఛాయ్ తాగుదమని బయటికి పోయిన్రు. ఇది ఒక్కతే ఉండె."

అన్నీ ఆగిపోయి, చప్పుడు లేని చోటనే ఆ పిల్లకు ఆ గతి పట్టింది. నేనేమో రోజూ గదిలో కూర్చోబెట్టి, తలుపు మూసి, ఫ్యాన్ ఆపి, చెప్పమ్మా అంటున్నాను.

మర్నాడు ఎస్సైకి చెప్పాను. ఆవిడ మేజిస్ట్రేటుకు విన్నవించింది. స్టేట్‌మెంట్ రోజున మేజిస్ట్రేటు మేడం అటెండర్‌ను పిలిచి, మూలనున్న పాత కూలర్ వేయమన్నారు. "నీళ్లు పోయకయ్యా, ఉత్తగనే తిరగనీ. కాగితాలు తడుస్తయి" అన్నారు. అది లారీలాగా గర్జించింది. ఎగిరిపోతున్న కాగితాల మీద కళ్లజోడు పెట్టె బరువు పెట్టి, కుర్చీని రజిత దగ్గరగా జరుపుకున్నారు. మమ్మల్ని బయటికి వెళ్లమన్నారు.

వరండాలో బెంచీ మీద నేనూ లక్ష్మీ కూర్చున్నాం. తలుపుకు చిన్న అద్దం ఉంది. అందులోంచి రజిత మొహం పక్కనుంచి కనిపిస్తోంది. పెదవులు కదలడం మొదలైంది. నాకు ప్రాణం లేచొచ్చింది. పక్కకు చూస్తే లక్ష్మి లేచి, తలుపుకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుంటోంది.

"ఏమైందక్కా?"

"సూస్తే నాకు సమజైతది మేడం. అది జడ్జమ్మకు చెప్తున్నది, నాకు గాదు. నాకు చెప్పనివి గూడ ఉంటయి గద."

బయటికొచ్చేదాకా ఆమె అటు తిరగలేదు. చదువుకునే రోజుల్లో గోప్యత గురించి నేను పేజీల కొద్దీ పరీక్ష రాశాను. అది కళ్లారా చూసింది మాత్రం ఆ వరండాలోనే. ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను, ఇద్దరం ఏడ్చాం. ఉద్యోగంలో ఏడవకూడదంటారు. అన్నవాళ్లను ఒకసారి ఆ బెంచీ మీద కూర్చోబెట్టాలి.

విచారణకు వచ్చేసరికి కరోనా వచ్చి పోయింది, మరి కొన్ని వేసవులూ పోయాయి. ఇలాంటి కేసుల్లో ఇన్ కెమెరా విచారణ జరుగుతుంది. అంటే తలుపులు మూసి, అవసరమైనవాళ్లనే లోపల ఉంచుతారు. రజితకు తోడుగా నన్ను అనుమతించారు. సాక్ష్యం వేరుగా చెప్పాల్సి ఉంది కాబట్టి లక్ష్మి బయటే ఉండాలి. ముద్దాయి కనపడకుండా మధ్యలో తెర కట్టారు. జడ్జి గారు పాత రికార్డు చూసి, అడగకుండానే కూలర్ వేయించారు. ముద్దాయి తరఫు లాయరు వినపడటం లేదని అభ్యంతరం చెబితే, "దగ్గరికి రండి" అన్నారు.

రజిత చెబుతోంది. గొంతు చిన్నదే, కానీ తడబాటు లేదు. బయట గాలి లేచింది. కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. లాయరు ఇలాంటి కేసులన్నిటిలో అడిగే ప్రశ్న దగ్గరికి వచ్చాడు. "అంత జరుగుతుంటే ఎందుకు అరవలేదమ్మా?"

కరెంటు పోయింది.

ఇన్వర్టర్ మీద లైట్లు, టైపిస్టు కంప్యూటర్ ఆగలేదు. కూలర్ ఆగింది. రెక్కలు నెమ్మదించి, చివరి చుట్టు తిరిగి నిలబడ్డాయి. గదిలో ఎవరి ఊపిరి వాళ్లకు వినిపిస్తోంది. రజిత నోరు మూతపడింది. వేళ్లు చున్నీ అంచు మీదికి వెళ్లాయి. లేచి ఏదైనా చప్పుడు చేయాలని, కుర్చీ అయినా లాగాలని అనిపించింది. నాకు మాట్లాడే హక్కు లేదు.

జడ్జి గారు కలం పక్కన పెట్టారు. "వింటున్నానమ్మా. తొందరేం లేదు" అన్నారు.

రజిత తలెత్తింది.

"ఒర్రిన సార్" అంది. పెద్దగానే అంది. "సాంచెలు నడుస్తుంటే ఒర్రినా ఎవ్వలకు ఇనవడది. గప్పుడు ఆగి ఉన్నయి గద, ఇనవడుతదని గట్టిగ ఒర్రిన. అందరు బయటనే ఉన్నరు. ఎవ్వలు రాలే."

లాయరు కాగితాల్లోకి చూశాడు. టైపిస్టు వేళ్ల చప్పుడు ఒక్కటే. నాకు అప్పుడు అర్థమైంది. ఆ పిల్ల నిశ్శబ్దానికి భయపడిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. నిశ్శబ్దంలో తన గొంతు ఎవరూ వినరని ఆమెకు ఒకసారి తెలిసొచ్చింది, అంతే. మిగిలిన ప్రశ్నలన్నిటికీ కూలర్ లేకుండానే జవాబు చెప్పింది.

తలుపు తీశారు. వరండాలో లక్ష్మి గోడ వైపు తిరిగే కూర్చుని ఉంది. రజిత దగ్గరికి వెళ్లి, చుట్టూ లాయర్లు, పోలీసులు, కక్షిదారులు ఉండగానే, అందరికీ వినపడేలా అంది.

"అవ్వా, ఆకలైతుంది."

లక్ష్మి ఉలిక్కిపడి లేచింది. ఇంటి గడప దాటాక కూతురి గొంతు బయటికి విని ఆమెకు ఎన్నేళ్లయిందో. కూతురి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, "దా బిడ్డా, తిందాం" అంది. ఆ రోజు ముగ్గురం బస్టాండు దగ్గర పూరీ తిన్నాం.

ముద్దాయికి శిక్ష పడింది. రజిత ఇప్పుడు బట్టలు కుట్టే యూనిట్‌లో చేస్తోంది, హాలు నిండా మిషన్లు. అప్పుడప్పుడు వీడియో కాల్ చేసి పెదవులతో ఏదో అంటుంది. "తిన్నవా" ఒక్కటే నాకు తెలుస్తుంది. మిగతావి అర్థమైనట్టు తల ఊపుతాను. అది చూసి నవ్వుతుంది.

ఆ తర్వాత మా కేంద్రం కొత్త భవనంలోకి మారింది. కౌన్సెలింగ్ గదిలో చప్పుడు లేని ఫ్యాన్ పెట్టారు. నేను మాత్రం పట్టుబట్టి ఆ టకటకమనే పాత ఫ్యాన్‌నూ పక్కన బిగించాను. ఎవరు వచ్చినా ఏం జరిగిందని ముందు అడగను. ఏ ఫ్యాన్ వేయమంటారు, అసలు వద్దా, తలుపు తీసి ఉంచనా అని అడుగుతాను. చాలామంది ఆశ్చర్యంగా చూస్తారు. తమకు అలా జరిగాక, నీకెలా కావాలని వాళ్లను ఎవరూ అడిగి ఉండరు.