పై గీత, కింద గీత

మా బావ, మా చెల్లి మొగుడు, పోయాడండీ. మొన్న సోమవారం పొద్దున, గుండె ఆగి. నేనప్పుడు నందిగామ బస్టాండులో ఉన్నా. మా చెల్లి ఫోన్ చేసి "అన్నయ్యా, మీ బావ లేడు" అంది. ఎప్పుడూ ఏదో ఒకటి పేలే నోరు నాది. ఆ పూట దొరికిన బస్సెక్కి వచ్చేశా.

నేను ఏడో క్లాసుతో బడికి దండం పెట్టినోణ్ణి. ఆయన నందిగామలో జ్వరాల లెక్కలు కట్టే ఉద్యోగం చేసి, రిటైరయ్యాక జగ్గయ్యపేటలో మా వీధిలోనే ఉన్నాడు. వానలు మొదలైతే గ్రాఫ్ కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు.

"ఒకరికి డెంగీ వస్తే వాళ్ళ నుంచి ఎంతమందికి పాకుద్ది, అదే బావా లెక్క. ఏం చెయ్యకపోతే ఈ పై గీత. దోమలు పెరక్కుండా ప్రతి శుక్రవారం తొట్లు, డ్రమ్ములు బోర్లిస్తే ఈ కింద గీత."

"మా ఆవిడ నన్నెప్పుడు వదిలేస్తదో కూడా గీసి చూడు బావా."

"ఇన్నాళ్ళు ఎట్టా ఉందో, అదే నా లెక్కకి అందట్లా."

ఒక ఏడు వీధంతా ఆయన మాట విన్నారు. జ్వరాలు రెండో మూడో, అంతే. టీ కొట్టు దగ్గర అందరిముందూ బావని తగులుకున్నా. "పై గీత ఆకాశానికి పోద్దన్నావు, ఏదయ్యా? ఉత్త భయం పెట్టావు." అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. "పై గీత తప్పాలనే వేస్తా బావా" అన్నాడు.

నాకు అర్థం కాలా. నవ్వినోళ్ళకీ కాలా. మరుసటేడు ఆయన ఏ గుమ్మంలోకి వెళ్ళినా "ఉత్త భయమేనని మీ బావే అన్నాడుగా" అన్నారంట. ఎవరూ తొట్టి ముట్టుకోలా. జ్వరాలు పై గీత పట్టుకునే నడిచాయి. మా చెల్లికీ వచ్చింది. రక్తకణాలు పడిపోయి ఆరు రోజులు విజయవాడ ఆసుపత్రిలో ఉంది.

బత్తాయిలు తీసుకుని వెళ్ళా. బావ బల్ల మీద పక్కకి జరిగి చోటిచ్చాడు. "తిన్నావా బావా?" అన్నాడు. నా మాట వల్లే ఇదంతా అని ఆయన ఆ రోజు అన్లా, తర్వాతా అన్లా. అనుంటే తప్పు ఒప్పుకునేవాణ్ణి. ఆయన ఎత్తలేదు గదాని నేనూ ఊరుకున్నా. ఇప్పుడు ఎవరితో చెప్పను?

శుక్రవారం వాళ్ళింటికి వెళ్తే చెల్లి గడపలో కూర్చుని ఉంది. "ఈ వారం ఎవరూ డ్రమ్ము కడగలా అన్నయ్యా" అంది.

పెరట్లోకి వెళ్ళి బోర్లించా. నీళ్ళు మట్టిలోకి ఇంకిపోయాయి. సన్నటి పురుగులు కాసేపు మెలికలు తిరిగి ఆగిపోయాయి. పక్కింటాయన గోడమీంచి చూస్తున్నాడు. నేను పంచె ఎగ్గట్టి వాళ్ళ తొట్టి వైపు నడిచా.