బంధుత్వం కాలమ్‌లో నా పేరు

నా పదవీ విరమణకు మూడేళ్ళ ముందు, జూన్ మొదటి వారంలో, మా విశ్వవిద్యాలయం నన్ను అర్థశాస్త్ర పాఠ్యమండలికి రెండోసారి అధ్యక్షుడిగా నియమించింది. ఉద్యోగం బాపట్ల క్యాంపస్‌లో, ఇల్లు తెనాలిలో. రోజూ రైల్లో రాకపోకలు. అధ్యక్షుడి పనుల్లో బయటివారికి తెలియనిది, లోపలివారు అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకునేది ఒకటుంది. పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాన్ని ఎవరు పరీక్షించాలో తేల్చే జాబితా తయారు చేయడం.

పద్ధతి ఇది. గ్రంథం సమర్పించే సమయానికి గైడ్ ఎనిమిది మంది బయటి ఆచార్యుల పేర్లు ఇస్తాడు. అధ్యక్షుడు వాటిని పరిశీలించి, పనికిరానివి కొట్టేసి, మిగిలినవి సీలు వేసిన కవరులో ఉపకులపతికి పంపుతాడు. ఆయన అందులో ముగ్గురికి టిక్కు పెడతాడు. ఆ ముగ్గురెవరో అభ్యర్థికి తెలియకూడదు. వారి నివేదికలు అనుకూలంగా వస్తే వైవా, అంటే అందరి ముందూ జరిగే మౌఖిక పరీక్ష. దానికి ఆ ముగ్గురిలో ఒకరు వస్తారు. గైడ్, అధ్యక్షుడు ఆయనకు చెరోపక్క కూర్చుంటారు.

పనికిరాని పేర్లంటే అభ్యర్థికి గానీ గైడ్‌కు గానీ బంధువులు, లేదా వారితో కలిసి వ్యాసాలు రాసినవారు. వ్యాసాల సంగతి కంప్యూటరు చెబుతుంది. బంధువుల సంగతి చెప్పదు. ఆఫీసువాళ్ళు ఇంటిపేర్లు పోల్చి చూసి ఊరుకుంటారు. బావమరిది ఇంటిపేరు వేరు, వియ్యంకుడిది వేరు, మేనల్లుడిది వేరు. ఇంటిపేరుతో ఏం దొరుకుతుంది? నేను జ్ఞాపకంతో చూసేవాణ్ణి. రేపల్లెలో మాకు బియ్యం మిల్లు, పెనుమూడి దాకా మాగాణి ఉన్న రోజుల్లో మా ఇంటికి శుభలేఖలు బుట్టలతో వచ్చేవట. ఏ ఇంటి పిల్లను ఏ ఇంటికిచ్చారో వింటూ పెరిగాను. మిల్లు పోయింది, మాగాణి పోయింది. ఈ జ్ఞానాన్ని మాత్రం ఎవరూ వేలం వేయలేకపోయారు.

గొప్ప కోసం చెప్పడం లేదు. మొదటి విడతలో ఆచార్య రామ్మోహన్ గైడ్‌గా ఇచ్చిన జాబితాలో ఆయన తోడల్లుడి పేరుంటే, నిండు సమావేశంలో చెప్పి కొట్టేశాను. హోదాలో నా తరువాతివాడు ఆయనే. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేశాడు. స్టాఫ్ రూములో మాత్రం, "మన ఛైర్మన్‌గారు పెళ్ళిళ్ళ పేరయ్యగా పుట్టాల్సినవాడు, పొరపాటున ఆచార్యుడయ్యాడు" అనేవాడని నాకు తెలిసేది. నేను లక్ష్యపెట్టలేదు.

ఆ జూన్‌లో నా బల్ల మీదికి వచ్చిన మొదటి ఫైలు సుభాషిణిది. రేపల్లెలో ఒక డిగ్రీ కాలేజీలో ఎనిమిదేళ్ళుగా తాత్కాలిక లెక్చరరు. కాలువ చివరి భూములకు నీటి పంపకం ఎలా జరుగుతోందన్నది ఆమె విషయం. రెండు సార్వా పంటల కాలం రైతుల వెంట గట్ల మీద తిరిగి రాసింది. మంచి పని. డిసెంబరు ఆఖరులోగా పట్టా చూపితే ఆమె ఉద్యోగం ఖాయమవుతుంది. చూపలేకపోతే ఆ పోస్టులోకి వేరొకరిని తీసుకుంటారు. గైడ్ ఇచ్చిన ఎనిమిది పేర్లలో ఒకటి కొట్టేసి, మిగతా ఏడూ కవరులో పెట్టబోతున్నాను. అప్పుడు సీనియర్ అసిస్టెంటు మస్తాన్ గారు అభ్యర్థి హామీపత్రం పట్టుకుని వచ్చారు.

"సార్, ఒకటి చూస్తారా?"

"ఏంటి?"

"ఈ అమ్మాయి బంధుత్వం కాలమ్‌లో ఏదో రాసిందండి. మీరే చదువుకోండి సార్. నేను చదివితే బాగోదు."

పరీక్షకు సంబంధించిన ఎవరితోనైనా బంధుత్వం ఉందా అన్న ప్రశ్నకు అందరూ లేదు అని రాస్తారు. ఈమె ఇలా రాసింది: "ఉంది. పాఠ్యమండలి అధ్యక్షులు. వరుసకు బావ."

యాభై ఏడేళ్ళ వయసులో, ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళు చేశాక, ఎన్నడూ చూడని మనిషికి బావనయ్యాను. మస్తాన్ గారు కిటికీ వైపు చూస్తూ, "తెల్లసిరా పూసేయమంటారా సార్?" అన్నారు. వద్దన్నాను. దిద్దితే అందరికీ కనబడేలా దిద్దాలి. ఎర్రసిరాతో ఆ వాక్యం కొట్టేసి, పక్కన "ఇది నిజం కాదు. ఈమెతో నాకెట్టి బంధుత్వమూ లేదు" అని రాసి సంతకం చేశాను. ఎవరినీ అడగలేదు. అడగాల్సిన అవసరం ఉందని తోచలేదు. ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు అదే.

కొట్టివేత పక్కన అభ్యర్థి పొట్టి సంతకం కూడా ఉండాలి. మర్నాడు ఆమెను పిలిపించాం. ముప్పైయారేళ్ళ మనిషి. కూర్చోమంటే గానీ కూర్చోలేదు. కాగితం ముందుంచాను. చదువుకుని, కలం ముట్టుకోలేదు.

"మీరు కొట్టేస్తే నేనేం చెయ్యలేనండి. నేను మాత్రం సంతకం పెట్టనండి."

"మా ఇంటి సంగతి నాకు తెలియదా అమ్మా?"

"మీకు తెలిసినవాళ్ళ సంగతి తెలుసండి. మా అమ్మ తండ్రి వెంకటరత్నం గారు. మీ తాతగారికి ఆఖరి తమ్ముడండి."

మా తాతగారు ముగ్గురన్నదమ్ముల్లో పెద్ద అని నేనెరుగుదును. ఆ ముగ్గురిలో వెంకటరత్నం లేడు. ఆ మాటే చెప్పాను. ఆమె కంగారు పడలేదు. వాళ్ళమ్మ కూడా రాయవద్దనే చెప్పిందట. "'వాళ్ళు మనల్ని ఒప్పుకోరే, నీ చదువు మీదికి తెచ్చుకోకు' అందండి. రేపు పట్టా చేతికొచ్చాక ఎవరైనా బయటపెడితే నేను దాచానంటారు. అప్పుడు పట్టాతో పాటు పేరూ పోద్దండి" అని చెప్పి వెళ్ళిపోయింది.

సాయంత్రం పాసింజరులో తెనాలి చేరాను. మా నాన్నగారి చెల్లెలు, మేనత్త రాజ్యలక్ష్మి, మా ఇంట్లోనే ఉంటుంది. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. వెంకటరత్నం అని మనకెవరైనా ఉన్నారా అని అడిగాను. ఆమె చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది.

"ఎవరు చెప్పార్రా నీకు?"

"ఉన్నాడా లేడా అత్తయ్యా?"

"మా ఆఖరి బాబాయి. మిల్లు కొన్నవాళ్ళ దగ్గరే గుమాస్తాగా చేరాడు. మన మిల్లులో, వాళ్ళ తాళాలు మొలకి కట్టుకుని కూర్చున్నాడు. ఆయన పేరు ఇంట్లో ఎత్తొద్దన్నాడు మీ తాత. ఎత్తలేదు."

"పెళ్ళిళ్ళకి?"

"పిలిస్తేగా! ఆయనకి నలుగురు పిల్లలురా. ఏం పెట్టాలి వాళ్ళకి, మన పరువా?" అని మళ్ళీ కాయల్లో పడింది.

అప్పుడు అర్థమైంది. నేను వంశజ్ఞానం అనుకున్నది పిలుపుల జాబితా. పిలవడం మానేసిన ఇల్లు అందులో ఉండదు. ఇతరుల తోడల్లుళ్ళను ఆ జాబితాతో పట్టుకున్నాను. నా తాతగారి తమ్ముణ్ణి పట్టుకోలేకపోయాను.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళగానే ఉపకులపతికి స్వహస్తంతో ఉత్తరం రాశాను. అభ్యర్థి రాసింది నిజం. ఆమె తల్లి నాకు మేనత్త వరుస. నా ఎర్రసిరా రాత తప్పు. ఈ జాబితా నుంచీ వైవా నుంచీ తప్పుకుంటున్నాను. నేను చెయ్యి పెట్టినందువల్ల నేను ఉంచిన పేర్లూ కొట్టేసిన పేరూ అన్నీ రద్దు చేసి కొత్తగా పరిశీలించాలి. అలా రాయడంలో నాకు ఇబ్బంది కలగలేదు. తప్పును నిటారుగా నిలబడి ఒప్పుకోవడం మా ఇంట్లో నేర్పారు. ఇబ్బంది వేరేచోట ఉంది. అధ్యక్షుడు తప్పుకుంటే ఆ పని హోదాలో తరువాతివాడికి పోతుంది. రామ్మోహన్ ఫైలు ముట్టుకోవాలంటే రెండు నెలలు పడుతుందని అందరికీ తెలుసు. రెండు నెలలు పోతే నివేదికలు డిసెంబరులోగా రావు. నా పరిశుద్ధతకు మూల్యం సుభాషిణి చెల్లిస్తుంది.

ఒకరి గదికి వెళ్ళి అడగడం మాకు అలవాటు లేదు. వెళ్ళాను. రామ్మోహన్ లేవలేదు, కూర్చోమనలేదు. ఉత్తరం నకలు చదివి తల ఎత్తాడు.

"ఏంటండీ పేరయ్యగారూ, సొంతింటి సంబంధమే దొరకలేదా?"

"దొరకలేదు. ఆ అమ్మాయి చూపించింది."

"ఇప్పుడేంటి, తొందరగా చెయ్యమంటారా?"

"త్వరగా చెయ్యమని అడగను. ఏ తేదీకి చేస్తారో చెప్పండి. ఆ తేదీ ఆమెకు చెబుతాను."

ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మా తోడల్లుణ్ణి మీరు పట్టారు. మిమ్మల్నెవరు పడతారండీ?" అన్నాడు. ఆ మాట వెక్కిరింతగానే అన్నాడు గానీ, ప్రశ్న సరైనది. "శుక్రవారం" అని ఫైలు లాక్కున్నాడు.

శుక్రవారం జాబితా ఉపకులపతికి వెళ్ళింది. నేను కొట్టేసిన పేరును రామ్మోహన్ తిరిగి చేర్చి, నేను ఉంచిన రెండు పేర్లు తీసేశాడు. కారణాలు ఫైలులో రాశాడు. రెండు కారణాలూ సమంజసమైనవే.

వైవా డిసెంబరు రెండో వారంలో జరిగింది. అది బహిరంగ పరీక్ష కాబట్టి ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. వేదిక మీద రామ్మోహన్ అధ్యక్ష స్థానంలో ఉన్నాడు. నేను ఆఖరి వరసకు వెళ్ళాను. అక్కడ పెనుమూడి నుంచి వచ్చిన ఆమె తరఫువారు ఉన్నారు. ఒక పెద్దావిడ సంచి కింద పెట్టి, నా మొహం ఒకసారి చూసి, "మీ నాన్న పోలికే. ఇటు కూర్చో నాయనా" అంది. కూర్చున్నాను.

సుభాషిణి గంటన్నర సేపు జవాబులు చెప్పింది. చివర సభలో ఎవరైనా ప్రశ్న అడగవచ్చని ప్రకటించారు. నాలుగో అధ్యాయంలో నీటి వంతుల లెక్క మీద నాకొక గట్టి ప్రశ్న ఉంది. వేదిక మీద ఉంటే తప్పక అడిగేవాణ్ణి. బంధువును కనుక అడగలేదు. పట్టాకు సిఫారసు చేస్తున్నామని చదివినప్పుడు అందరితో పాటు చప్పట్లు కొట్టాను.

ఈ వ్యవహారం నేర్పింది చిన్న విషయం. ఇతరుల బంధుత్వాలు వెతికేవాడి బంధుత్వాలను ఇంకొకరు వెతకాలి. అతని నిజాయతీ ఆ పనికి బదులు కాదు. మిగిలిన మూడేళ్ళూ కవరుకు సీలు వేసే ముందు నా ప్రతి జాబితానూ రామ్మోహన్‌కు పంపాను. ఆయన రెండుసార్లు తప్పు పట్టాడు. అందులో ఒకసారి ఆయనదే సరి.