కలుపు లేని ద్రాక్షతోట

2021 వేసవి. రాజాంలో నా పురుగుమందుల దుకాణానికి ఒక పెద్దాయన వచ్చి, ద్రాక్షతోటకు కలుపు మందు కావాలన్నాడు. వరి, మొక్కజొన్న, పత్తి పేర్లు తప్ప మా కౌంటరు దగ్గర ద్రాక్ష మాట ఎప్పుడూ వినలేదు. ఆయన పేరు సూరప్పడు. కర్ణాటక తోటల్లో చాలాకాలం కూలి చేసి తిరిగొచ్చి, ఊరికి ఎడంగా, ఇసుక కలిసిన తన గరువు నేలలో పందిళ్లు వేసి తీగలు పాకించాడు. భార్య పోయాక ఆ తోటలోనే రేకుల షెడ్డులో ఉంటున్నాడు. చుట్టుపక్కల ద్రాక్ష వేసినవాడు ఇంకొకడు లేడు. తీగకు తెగులొస్తే చెప్పుకోవడానికి కూడా ఆయనకు తోటి రైతు లేడు.

తోట చూసొచ్చాను. తీగలు ముదిరాయి, మందుకు తట్టుకుంటాయి. ప్రీ ఎమర్జెన్స్ మందు ఇచ్చాను. అది పెరిగిన గడ్డిని చంపేది కాదు. నేల మీద పలుచని పొరలా పరుచుకుని, గింజ మొలకెత్తేటప్పుడే ఆపేస్తుంది. శుభ్రం చేసిన తడి నేల మీద వెనక్కి నడుస్తూ కొట్టాలి. కొట్టిన చోట తొక్కినా తవ్వినా పొర చెదిరిపోతుంది. "కొన్నాళ్లు తోటలోకి ఎవుల్నీ రానీకు మావా" అని గట్టిగా చెప్పాను.

మందు బ్రహ్మాండంగా పనిచేసింది. వానలు పడ్డాక కూడా పందిళ్ల కింద నేల ఊడ్చినట్టుంది. ఫోటో తీసి వచ్చినవాళ్లందరికీ చూపించుకున్నాను.

మరుసటి ఏడాది, వానలకు ముందు, దుకాణం కిటకిటలాడుతున్న రోజు సూరప్పడు మళ్లీ వచ్చాడు. మందు బలం నేలలో ఎన్నాళ్లుంటుందని అడిగాడు. ఎక్కువకాలం ఉండాలని అడుగుతున్నాడనుకున్నాను. వరసల మధ్య గోగు చల్లుకుంటానని కూడా ఏదో అన్నాడు. ఆ మాట నాకు వినపడలేదని చాలామందితో చెప్పాను. వినపడింది. అప్పటికే నా చూపు పక్కనున్న పెద్ద రైతు మీదుంది. "ఫుల్ డోసు కొట్టీ మావా, సీజనంతా సూసుకోనక్కర్లేదు" అని డబ్బా చేతిలో పెట్టాను. ఆయన గరువులాంటి, ఇసుకపాలు ఎక్కువున్న తేలిక నేలలో డోసు తగ్గించాలని నాకు తెలుసు. ఆయన కాసేపు డబ్బా పట్టుకుని నిలబడి, వెళ్లిపోయాడు.

వానలు పడ్డాక ఫోన్ చేసి, ఓసారి రమ్మన్నాడు. కోపంగా మాట్లాడలేదు. వెళ్లేసరికి వరసల మధ్య గోగు మొలకలు పాలిపోయి, ఆకుల అంచులు మాడి నేలకు ఒరిగి ఉన్నాయి. నేలలో అలా మిగిలిపోయే మందును రెసిడ్యూ అంటాం. ద్రాక్ష వేరు లోతుకు దిగి తప్పించుకుంది. గోగు వేరు ఆ పొరలోనే చిక్కుకుంది. తప్పు నా మీదికి రాకముందే, "గోగుదేటుంది మావా, ద్రాక్ష బాగుంది కదా" అన్నాను.

బాగుందని ఒప్పుకున్నాడు. తరవాత మెల్లగా చెప్పుకొచ్చాడు. మందు మొదలెట్టకముందు వానాకాలమంతా పారమ్మ, ఆవిడ కూలి జట్టు ఆడవాళ్లు కలుపు తియ్యడానికి వచ్చేవారు. ఈయన కర్ణాటక కబుర్లు ఒక్కటీ నమ్మేవారు కాదు. ఈ పళ్లు చేపల పులుసులోకి బాగుంటాయని ఎగతాళి చేసేవారు. అంబళ్లు తాగేటప్పుడు ఈయనకీ ఒక గ్లాసు పోసేవారు. మందు కొట్టాక వాళ్లకు పని లేదు. ఒంటరి మగవాడు ఉండే తోటలోకి, పని లేకుండా ఆడవాళ్లను ఏమని పిలుస్తాడు? గోగు ఎదిగితే ఆకు కోతకు వస్తామని పారమ్మ మాటిచ్చిందట.

"అలాగైతే మందు మానీవలసింది కదా" అన్నాను.

"అదే అడుగుదామని నీ కొట్టుకొచ్చాను బాబూ. దీని బలం ఎప్పుడు సచ్చిపోతాదో కనుక్కుందామని. నువ్వు ఇంకో డబ్బా సేతిలో ఎట్టీసినావు. అంతమందిలో ఒద్దనలేకపోయాను. డబ్బులిచ్చి కొన్నాది పారీలేక కొట్టీసినాను." పందిరి వైపు చూపించి అన్నాడు: "ద్రాచ్చతోటి ఎంతసేపు మాటాడతాం?"

గడ్డి మళ్లీ ఎప్పుడు మొలుస్తుందని అడిగాడు. వచ్చే వానలకు మొలవచ్చు, ఖాయంగా చెప్పలేనన్నాను. ఆ తోటలో ఒక్క గడ్డిపోచ లేదు. ఏడాది కిందట నేను ఫోటో తీసుకున్నది ఇదే నేల.

ఆ చలికాలం చీపురుపల్లి దారిలో బండి మీద వెళ్తుంటే, ఎవరిదో వంగతోటలో ఆడవాళ్లు వరసగా కూర్చుని కలుపు తీస్తున్నారు. అందరికన్నా వెనకబడి, చివరి సాలులో సూరప్పడు. బండి ఆపాను. తోటగల మనిషి, కూలి పనికి వచ్చాడు.

"ఏటి బావా, గడ్డొదిలీసి వంగమొక్క పీకుతన్నావు? నీకు అంబలి సగమే" అంది పారమ్మ. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. తలెత్తి నన్ను చూశాడు. ఆ నవ్వు తగ్గిపోయింది. మళ్లీ వంగి బొరిగె అందుకున్నాడు. రమ్మని ఎవరూ అనలేదు. కాసేపు గట్టున నిలబడి వచ్చేశాను.

అప్పటినుంచి నేలకు వేసే మందు ఎవరడిగినా రెండు ప్రశ్నలు వేస్తాను. దీని తరవాత ఆ నేలలో ఏం చల్లుతారు? ఇప్పుడు కలుపు ఎవరు తీస్తున్నారు? మొదటిది ఈ వ్యాపారంలో ఎవరైనా అడగవలసిందే, నేనే అడగలేదు. రెండోది ఏ లేబుల్ మీదా ఉండదు. జవాబు చెబుతుంటే ఇప్పుడు పక్కకు చూడను. సూరప్పడు మళ్లీ నా కొట్టుకు రాలేదు. ఆ తోటలో గడ్డి మొలిచిందో లేదో నాకు తెలియదు. వెళ్లి చూడడానికి ఇప్పటికీ కాలు సాగడం లేదు.