ఉల్లిపాయ సూపు కోసం బంజారాహిల్స్ దాకా

ఆ రోజు మంగళవారం. నా భార్య వసుంధర ఎప్పటిలాగే చీకటితోనే లేచి, ఎల్‌బీ నగర్‌లో మా ఇంటి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లోని తన కర్రీ పాయింట్‌కి వెళ్లింది. గోంగూర పప్పు, దొండకాయ వేపుడు, సాంబారు అయిపోయాయి. బెండకాయ పులుసు పొయ్యి మీద ఉండగా తల పగిలిపోతోందని స్టూలు మీద కూర్చుంది. పక్కన కూరగాయలు తరుగుతున్న యాదమ్మ మంచినీళ్లు తెచ్చేలోపే ఒరిగిపోయింది. అప్పటికి నేను హయత్‌నగర్ కాలేజీలో కామర్స్ పాఠం చెబుతున్నాను. ఫోన్ వచ్చి, కొత్తపేట ఆసుపత్రికి చేరేసరికి ఆమెకు స్పృహ లేదు. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. సాయంత్రం పోయింది. నాతో చివరగా మాట్లాడింది పొద్దున గుమ్మం దగ్గర. పాలు పొంగకుండా చూడమంది.

ఈ ప్రయాణం ఆమె అనుకున్నది. టీవీలో ఒక ఫ్రెంచి వంటవాడు ఉల్లిపాయ సూపు చేస్తుంటే చూసింది. బంజారాహిల్స్‌లో ఒక పెద్ద హోటల్లో ఫ్రెంచి రెస్టారెంటు ఉంది, అతను అక్కడివాడు. "గంట నుంచీ ఉల్లిపాయలే వేయిస్తున్నాడు చూడండి. ఆ గంటలో నేను పది కూరలు దించేస్తాను," అని నవ్వింది. తరవాత అక్కడ కూర్చున్న చోటికే తెచ్చి వడ్డిస్తారని విని నవ్వు ఆపింది. కర్రీ పాయింట్ నడిపే మనిషి అందరికంటే చివర తింటుంది, అదీ చల్లారింది, అదీ నిలబడి. "ఒక్కపూట నేను కూర్చుంటాను. ఎవరో ఒకరు వేడివేడిగా తెచ్చి పెట్టాలి," అంది. మా పెళ్లిరోజుకి టేబుల్ చెప్పాను. ఆ రోజు బంద్ పడింది. ఆటోలు లేవు, ఆ హోటల్లోనూ భోజనాలు లేవన్నారు. "తిండెక్కడికి పోతుంది, వచ్చే నెల వెళ్దాం," అంది. వచ్చే నెల ఆమె లేదు.

మూడు నెలలుగా కొట్టు షట్టర్ దించే ఉంది. ఆ మడిగె యజమాని మొన్న ఫోన్ చేశాడు. సెల్‌ఫోన్లు అమ్ముకునే మనిషెవరో అడుగుతున్నాడట, సోమవారం పొద్దున్నకల్లా ఏదో ఒకటి తేల్చమన్నాడు. యాదమ్మ కూడా అడుగుతోంది. ఆమెది నల్గొండ దగ్గర పల్లె, ఉండేది హయత్‌నగర్. ఎనిమిదేళ్లు వసుంధర పక్కన నిలబడి వండింది. శుక్రవారం ఇంటికొచ్చింది. "సారూ, ఎన్ని దినాలు మూసి పెడ్తవు? హాస్టల్ పోరలు దారిల ఆపి అడుగుతున్నరు. కిరాయి నేను కడ్త. అక్క ఎట్ల చేసెనో అట్లనే చేస్త," అంది. చూద్దాం యాదమ్మా అన్నాను. "చూద్దాం చూద్దాం అనవట్టి ఎండకాలం ఒడిసింది. మూత తీయకుంటే గిన్నెలకు తుప్పు వడ్తది సారూ," అని వెళ్లిపోయింది. మూసేయాలన్నదే నా ఆలోచన. ఆ పొయ్యి దగ్గర ఇంకొకరు నిలబడితే చూడలేననుకున్నాను. కానీ కొట్టు ఆమెది. దాని సంగతి తేల్చేముందు, ఆమె వెళ్లాలనుకున్న చోటికి ఒకసారి వెళ్లి రావాలనిపించింది.

ఆదివారం మధ్యాహ్న భోజనానికి రెండు రోజుల ముందే ఫోన్ చేసి టేబుల్ చెప్పాలి. ఎంతమంది అని అడిగితే ఇద్దరన్నాను. అలవాటు. మళ్లీ ఫోన్ చేసి సరిచేయలేదు. చెప్పులతో రావొద్దన్నారు, బూట్లు వేసుకున్నాను. పదకొండున్నరకి దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ముందు ఆటో అడిగాను. బస్సులో కోఠి వెళ్లి మారితే చవక, కానీ మలక్‌పేట మీదుగా తెలంగాణ ఉద్యమం ర్యాలీ ఉందని ఆ వైపు బస్సులు ఆపేశారు. ఆటోకి జెండా కట్టి ఉంది. డ్రైవరు రెండొందల యాభై అడిగాడు. ఎక్కువన్నాను. "సైదాబాద్ దిక్కు నుంచి సుట్టు తిరిగి పోవాలె సార్. నేను మీటర్ మీద పోతే నా పెండ్లాం నన్ను మీటర్ మీద తోల్తది," అన్నాడు. ఎక్కాను. అతనిది తుర్కయంజాల్.

సైదాబాద్ దాటాం. తరవాత అడిగాడు, "మీది ఆంధ్రనా సార్?"

"రేపల్లె దగ్గర. ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్లు దాటింది."

"తెలంగాణ వస్తే పోతరా మరి?"

"ఎక్కడికి?"

"గదే, మీ ఊరికి."

"ఊళ్లో ఎవరూ లేరు."

అతను అద్దంలోంచి ఒకసారి చూశాడు. "గట్లయితే ఈడనే ఉండుండ్రి. తెలంగాణ వచ్చినా ఆటోకు సవారీ కావాలె గద," అన్నాడు. అంత పెద్ద హోటల్లో ఏం తింటారని అడిగాడు. ఉల్లిపాయ సూపు అన్నాను. "ఉల్లిగడ్డ చారుకు బంజారాహిల్స్ దాకనా? మా ఇంటామె మస్తు పెడ్తది, బండి తిప్పమంటరా?" అన్నాడు. వసుంధర ఉంటే తిప్పమనేది. అతని భార్య ఉల్లిపాయలు ఎంతసేపు వేయిస్తుందో కూడా అడిగేది.

ఇలాంటి మాటలు ఆమెకు ఇష్టం. మా కొట్టు బోర్డు మీద 'ఆంధ్రా కర్రీ పాయింట్' అని ఉండేది. ఉద్యమం మొదలైన కొత్తలో కొందరు కుర్రాళ్లు వచ్చి మొదటి మాట తీసేయమన్నారు. నేను భయపడ్డాను. ఆమె పెయింటర్ని పిలిచి ఆ ఒక్క మాట మీద తెల్లరంగు వేయించింది. సాయంత్రం అదే కుర్రాళ్లు పప్పు పొట్లాలకి వచ్చారు. "పొద్దున గొడవ, సాయంత్రం గోంగూరానా?" అని అడిగిందట. "మా పంచాయితీ బోర్డుతోని అక్కా, పప్పుతోని కాదు," అన్నారట. ఆ మాట నెలరోజులు చెప్పుకుని నవ్వింది.

ఒంటిగంటకి ముందే చేరాను. రెస్టారెంటు హోటల్లో పైఅంతస్తులో ఉంది. తెల్లని గుడ్డలు పరిచిన టేబుళ్లు, తక్కువ మంది, ఎవరి మాటా పక్క టేబుల్‌కి వినపడదు. గోడ మీద పొడుగు టోపీ పెట్టుకున్న ఫ్రెంచి వంటవాడి ఫొటో ఉంది. టీవీలో చూసిన మనిషే. నన్ను కిటికీ పక్క కూర్చోబెట్టారు. శ్రీకాంత్ అని పేరు బిళ్ల పెట్టుకున్న వెయిటరు ఇంగ్లిషులో మొదలుపెట్టి, నా మొహం చూసి తెలుగులోకి వచ్చాడు.

"మేడమ్ వచ్చేవరకు ఆగుదామా సార్?"

"రారు. ఆ ప్లేటు తీసేయండి."

తీసేశాడు. ఎదుటి వైపు తెల్లగుడ్డ మాత్రం మిగిలింది. ఇలాంటి చోట మధ్యాహ్నం పూట మూడు వంటకాలు కలిపి ఒకే ధరకి ఇస్తారు. మనిషికి పన్నులతో కలిపి వెయ్యి దాటింది. రాత్రి భోజనమైతే దీనికి మూడింతలన్నారు. ఉల్లిపాయ సూపు, వైన్‌లో ఉడికించిన కోడి, చివర పైన పంచదార కాల్చిన పాలమీగడ పుడ్డింగు. ఆమె అనుకున్నవే చెప్పాను.

సూపు వచ్చింది. మట్టిరంగు గిన్నె, పైన రొట్టె ముక్క, దాని మీద కరిగి ఎర్రబడిన చీజ్. వాసన బాగుంది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మిగతావి రావాలి కదా. మనం అన్నం, పప్పు, కూర, పచ్చడి, నెయ్యి అన్నీ వడ్డించాకే చెయ్యి పెడతాం. ఒక్క పచ్చడి వడ్డించగానే తినడం మొదలుపెట్టేవాణ్ని పంక్తిలో అందరూ చూస్తారు. నేను కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. శ్రీకాంత్ చేతులు వెనక్కి కట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. చీజ్ గట్టిపడింది. ఆవిరి ఆగిపోయింది. అతను ఒకసారి వచ్చి మంచినీళ్లు పోసి వెళ్లాడు. ఇంకా కాసేపటికి మళ్లీ వచ్చాడు.

"సూప్ నచ్చలేదా సార్?"

"ఇంకా తినలేదండీ. మిగతావి రానివ్వండి."

అతను ఒక క్షణం అర్థం కానట్టు చూశాడు. తరవాత గొంతు తగ్గించాడు. హోటల్ తెలుగు పోయి ఇంటి తెలుగు వచ్చింది. "సార్, ఇది అయినంకనే అది వస్తది. మీరు తినేదాక నేను ఆగిన. నేను తెచ్చేదాక మీరు ఆగిన్రా?"

"అవును."

"సాయంత్రం దాక ఇట్లనే ఉంటుంటిమి ఇద్దరం," అని నవ్వు ఆపుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది. "మా నాయినను తోల్కొస్తే ఆయన గూడ గిట్లనే కూసుంటడు సార్. ఆగుండ్రి, వేడి చేసి తెస్త."

గిన్నె తీసుకుని లోపలికి వెళ్లాడు. వసుంధర వచ్చి ఉంటే ఆమె కూడా ఆగేది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుంటూ, నెయ్యి మరిచిపోయారేమో అనుకుంటూ కూర్చునేవాళ్లం. ఇంట్లో పెరుగు గిన్నె కూడా పక్కకి వచ్చేదాకా నన్ను ముద్ద ఎత్తనిచ్చేది కాదు.

రెండోసారి వేడిగా వచ్చింది. తిన్నాను. ఉల్లిపాయ ఎక్కడా నలిగిపోలేదు, కానీ తీపెక్కి నోట్లో జారిపోతోంది. గంటసేపు ఎందుకు వేయించారో తెలిసింది. ఆమెకి చెప్పాల్సిన మాట అది. కోడికూర ముదురు ఊదారంగులో ఉంది. కారం లేదు, పులుపు లేదు, అయినా చప్పగా లేదు. అన్నం ఉండదు, రొట్టె పులుసులో అద్దుకోవాలి. చెంచాతో పని కాక చేత్తో తుంచాను. ఎవరూ పట్టించుకోలేదు.

ప్లేటు తీయడానికి వచ్చిన శ్రీకాంత్‌ని గోడ మీద ఫొటో చూపించి అడిగాను, ఆయన్ని ఒకసారి కలవొచ్చా అని.

"ఆయన లేడు సార్. పోయినేడే వాళ్ల దేశం పోయిండు."

"మరి ఇది ఎవరు వండారు?"

"లోపల కర్నూలు అన్న ఒకాయన ఉన్నడు. ఆ సాబ్ కింద ఆరేండ్లు చేసిండు. ఫొటో మాత్రం మార్చలే."

"తేడా ఎవరూ అడగలేదా?"

"మొదట్ల ఒకరిద్దరు అడిగిన్రు సార్. ఇప్పుడు ఎవ్వరూ అడుగుతలేరు."

అతను మామూలుగా చెప్పి ప్లేటు తీసుకుని వెళ్లిపోయాడు. పుడ్డింగు వచ్చింది. పైన పంచదార పెచ్చు చెంచాతో కొట్టి పగలగొట్టాలి. కొట్టాను. తీయగా ఉంది, బాగుంది. ఇంతసేపూ నేను తిన్నది బాగుంది, అదే నన్ను బాధపెట్టింది. షట్టర్ ఎందుకు ఎత్తనివ్వడం లేదో అక్కడ కూర్చుని నాకు నేను ఒప్పుకున్నాను. యాదమ్మ సరిగ్గా వండలేకపోతుందేమోనని కాదు. సరిగ్గా వండితే, కొన్నాళ్లకి వసుంధరని ఎవరూ అడగరు. ఆ వీధికి ఆమె లేని లోటు ఉండాలని నా కోరిక. అందుకోసం వీధిలో పిల్లల్ని పస్తుంచుతున్నాను, ఒక మనిషి పని ఆపుతున్నాను. వసుంధర అయితే ఈ లెక్కకి ఒప్పుకోదు. ఆకలి అన్నవాడి ముందు ఆమె ఎన్నడూ గిన్నె మూత పెట్టలేదు.

మూడు గంటలకి బయటికొచ్చాను. తిరుగు ప్రయాణంలో కోఠి దాకా ఒక బస్సు దొరికింది. ర్యాలీ అయిపోయింది, దిల్‌సుఖ్‌నగర్ బస్సులు మళ్లీ నడుస్తున్నాయన్నారు. కోఠి స్టాపులో నిలబడి యాదమ్మకి ఫోన్ చేశాను.

"రేపు పొద్దున కొట్టు దగ్గరికి రా."

"ఎందుకు సారూ? గిన్నెలు తీస్కపొమ్మంటవా? ఆ ఫోన్లు అమ్మేటోనికి ఇచ్చేస్తున్నవా?"

"నీకే ఇస్తున్నాను. యజమానికి నేను చెబుతాను."

అవతల ముక్కు చీదిన చప్పుడు. "పప్పుల ఎంత పులుపు వెయ్యాల్నో నాకెరుకే సారూ. కని అక్క చేసినట్టు అయితదా?"

"అవుతుందేమో."

"అయితే మంచిదే గద సారూ?"

బస్సు వచ్చిందని పెట్టేశాను. బస్సు రాలేదు.

ఆ భోజనం కోసం అంత దూరం వెళ్లడం దండగా అని మిత్రులు అడుగుతారు. దండగ కాదు. వంట గొప్పది, మనుషులు మంచివాళ్లు. కానీ మనసు కుదుటపడుతుందని ఎవరూ వెళ్లకండి. ఒక మనిషి కోరిక ఇంకొకరు తీర్చడం కుదరదని నాకు అర్థమైంది. నేను తిన్నది నేను తిన్నాను. ఆమె ఆ కుర్చీలో కూర్చోలేదు, ఎవరూ ఆమెకి వేడిగా తెచ్చి పెట్టలేదు. వెళ్లేవాళ్లకి ఒక్కటే సలహా. మొదటి గిన్నె ముందుకు రాగానే తినడం మొదలుపెట్టండి, మిగతావి వచ్చాక చూద్దామని ఆగొద్దు.

రేపు పొద్దున ఐదింటికి దిల్‌సుఖ్‌నగర్ వెళ్తాను. షట్టర్ తాళాలు యాదమ్మ చేతిలో పెడతాను. ఆమె పొయ్యి వెలిగించకముందే హయత్‌నగర్ బస్సు ఎక్కుతాను. కాలేజీ తెరిచేది తొమ్మిది దాటాక. అప్పటిదాకా గేటు బయట కూర్చుంటాను.