మేస్త్రి అరికాలు

ఆయన్ని అందరూ పాదాల మేస్త్రి అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. కోపం రాకపోగా ఆ పిలుపుకి కాస్త పొంగిపోయేవాడు కూడా. ఎక్కడ ఏ గట్టు కట్టినా, ఏ వాకిలి చదును చేసినా, పని అప్పగించే ముందు మధ్యాహ్నం రెండు గంటలకు చెప్పులు విడిచి దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాడు. మధ్యలో మూడు చోట్ల ఆగి ఒకటి నుంచి ఇరవై దాకా పైకే లెక్కపెట్టేవాడు. ఇరవై అనేదాకా కాలు తీయకుండా నిలబడగలిగితే ఆ నేల పాసు. లేకపోతే ఎంత ఖరీదైన రాయైనా మార్చాల్సిందే. "కన్ను రంగు చూసి మోసపోతుంది సార్. కాలికి మొహమాటం లేదు," అనేవాడు.

మా కాలనీ ఈతకొలను దగ్గర ఆయన నాకు పరిచయం. అప్పటికి నేను రిటైరై ఏడాది. మోకాళ్లకు నీళ్లలో నడక మంచిదని డాక్టరు చెబితే, రోజూ పొద్దున్నే నలుగురు పెద్దావిడల వెనక నడుము లోతు నీళ్లలో బాతులా నడిచేవాణ్ణి. కొలను బాగానే ఉండేది. దాని చుట్టూ వేసిన గట్టే నాలుగేళ్లు తిరక్కుండా పాడైపోయింది. ఒక పక్క ఉబ్బింది, ఇంకో పక్క కుంగింది, విరిగిన పలకలు కత్తుల్లా పైకి తేలాయి. వాటి మీద ఒకావిడ బొటనవేలు చీరుకున్నాక కమిటీకి మెలకువ వచ్చింది. కొత్త గట్టు వేయించాలని తీర్మానించి, దగ్గరుండి చూసుకునే పని ప్రెసిడెంటు నాకు అంటగట్టాడు. "మీరెలాగూ ఎక్కడో ఒకచోట పుస్తకం పట్టుకుని కూర్చునేవారే కదా, అదేదో అక్కడే కూర్చోండి," అన్నాడు.

మొదటి రోజు మేస్త్రి విరిగిన పలకల వంక చూడనైనా లేదు. నేరుగా ప్రహరీ గోడ దగ్గరికి పోయి, ఎండకు నోరు తెరుచుకున్న బీటలో ఒక కర్ర దూర్చాడు. మూరెడు దిగింది.

"నల్లరేగడి. దీని మీద ఎవరో మహానుభావుడు నేరుగా సిమెంటు పోసి చేతులు దులుపుకున్నాడు."

"గట్టిగానే ఉందిగా మేస్త్రీ?"

"ఇప్పుడు గట్టిగానే ఉంటుంది. ఇది అలిగిన అల్లుడు సార్. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, పట్టించుకోకపోతే బీటలిస్తుంది. దీన్ని మంచి చేసుకోవడం మన వల్ల కాదు. దూరం పెట్టడమే."

"అల్లుణ్ణి అంటావేం? మామగారూ అంతే," అంది వెనకాల తట్ట దించుతున్న మనిషి. ఆవిడ మేస్త్రి భార్య. ముప్పై ఏళ్లుగా ఆయన పనిచేసిన ప్రతిచోటా ఆవిడా పనిచేసింది. రాళ్ల మధ్య సందులు నింపడంలో ఆవిడ చేతికి సాటి లేదు. ఆయన కొట్టిన సున్నపు గీత వంకరగా ఉంటే కాలితో చెరిపేసి, "మళ్లీ కొట్టు," అనే చనువు కూడా ఆవిడకొక్కదానికే ఉండేది.

ఆయన ఆ మట్టిని మూడడుగుల లోతున తవ్వించేశాడు. కొలను చుట్టూ కందకం తవ్వినట్టుంటే, వచ్చేపోయేవాళ్లు మొసళ్లనెప్పుడు వదులుతారని నన్నడిగేవారు. ఆ గోతిలో మొరం జానెడు మందాన పరవడం, నీళ్లు చల్లడం, దిమ్మిసతో కొట్టడం, మళ్లీ జానెడు. నాలుగు వరసలు అలా అయ్యాక కంకర, దాని మీద దళసరి ప్లాస్టిక్ పరదా, ఆపైన ఇనుప చువ్వలల్లి కాంక్రీటు. కొలను గోడకీ కాంక్రీటుకీ మధ్య చుట్టూ వేలెడు సందు వదిలేశాడు. అది చూసి ప్రెసిడెంటు కంగారుపడ్డాడు.

"ఇదేంటయ్యా, అతకలేదు?"

"అతక్కూడదు సార్. కొలను ఒక కాపురం, గట్టు ఒక కాపురం. ఒక్క గోడకి కట్టేస్తే, ఒకళ్లు కదిలినప్పుడల్లా రెండో వాళ్లకి పగుళ్లే. మధ్యలో రబ్బరులాంటిది నింపుతాం, ఎవరి సర్దుబాటు వాళ్లది."

కాంక్రీటు మీద నిలువునా అడ్డంగా గాట్లు కూడా పెట్టించాడు. "ఈ ఎండలకి పగులు రాక మానదు సార్. ఎక్కడ రావాలో మనమే చెప్పాలి." నీళ్లు కొలనులోకి కాకుండా బయటికి జారేలా వాలు పెట్టి, గొట్టాలతో ఆ నీటిని గేటు అవతలి కాలువదాకా మోయించాడు. ఒక చోట తడిసి ఇంకోచోట ఎండితే అల్లుడు మళ్లీ అలుగుతాడట.

ఆ రోజుల్లోనే ఒకసారి ఆయన కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటే మడమలో కంకర ముక్క ఒకటి గుచ్చుకుని కనిపించింది. చుట్టూ నెత్తురు గడ్డకట్టి ఉంది. చెప్పాను. వంగి చూసి, గోరుతో పెకిలించి పారేశాడు. "నలభై ఏళ్ల నాటి తోలు సార్, మేకు కొట్టినా దిగదు," అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

తర్వాత పైన పరిచే రాయి ఎంపిక. మూడు రకాల పలకలు తెప్పించి పొద్దుటి నుంచి ఎండలో పెట్టాం. ఒకటి పాలమీగడ రంగు ఇసుకరాయి, ఒకటి బూడిదరంగు రాయి, మూడోది ఎర్రటి పెంకు పలక. ఆ రోజు ఆయన భార్య లేదు, చెల్లెలి కాన్పుకి వెళ్లింది. రెండు గంటలకి మేస్త్రి మూడింటి మీదా నిలబడి ఇరవై చొప్పున లెక్కపెట్టాడు. మొహంలో ఏ మార్పూ లేదు.

"మూడూ బానే ఉన్నాయి సార్. మీకేది నచ్చితే అది."

"బూడిదరంగు," అన్నాడు ప్రెసిడెంటు వెంటనే. "మురికి కనపడదు."

ముదురు రంగు కదా, కాలదా అని నేను నసిగాను. కాలి లెక్క ముందు కంటి లెక్క నిలవదన్నాడు మేస్త్రి. ముదురురంగు గరుకురాయి కంటే నునుపైన తెల్లరాయి ఎక్కువ కాలిన సందర్భాలు రెండు చెప్పాడు. నేను ఊరుకున్నాను. నా కాళ్లకి చెప్పులున్నాయి. తీసి ఒక్క నిమిషం నిలబడి చూడాలని తోచనే లేదు.

మూడోవంతు గట్టు పరిచాక ఆయన భార్య తిరిగొచ్చింది. ఆ మధ్యాహ్నం మంచినీళ్ల బిందె పట్టుకుని కొత్త గట్టు మీదుగా వస్తుంటే చెప్పు తెగింది. తెగిన చెప్పు చేతిలోకి తీసుకుని ఇంకో అడుగు వేసింది. అంతే, "అమ్మో!" అని ఎగిరి, బిందె వదిలేసి, ఒంటికాలి మీద మట్టిలోకి గెంతింది. దొర్లిన బిందెలోంచి నీళ్లు రాతి మీద పారి, చూస్తుండగానే ఆవిరైపోయాయి.

పది అడుగుల దూరంలో, అదే రాతి మీద, అదే ఎండలో, ఆమె భర్త చెప్పుల్లేకుండా నిలబడి దారం పట్టి వరస సరిచూసుకుంటున్నాడు.

"ఏమైందే? తేలు కుట్టిందా?"

ఆవిడ రెండో చెప్పు కూడా విప్పి, రెండింటినీ రాతి మీద ఒకదాని ముందొకటి వేసుకుంటూ, వాటి మీదే అడుగులేస్తూ ఆయన దగ్గరికి చేరింది. చెయ్యి పట్టుకుని లాక్కుపోయి వేపచెట్టు నీడలో కూర్చోబెట్టింది. కాలెత్తి ఒళ్లో పెట్టుకుంది. అరికాలి మధ్యలో నిమ్మకాయంత బొబ్బ చితికి, తోలు ఊడి వేలాడుతోంది. నీరు కారుతోంది.

"ఇదెప్పటిది?"

ఆయన మెడ సాచి తన కాలిని తానే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"తెలీదు."

"నొప్పి లేదా?"

"ఉంది... కొంచెం."

ఆవిడ కింద పడున్న వేపపుల్ల తీసి రెండో అరికాలి మీద గీసింది. ఆయన కళ్లు ఆవిడ మొహం మీదే ఉన్నాయి. "ఎక్కడ గీశానో చెప్పు."

బొటనవేలి కింద గీస్తే ఆయన మడమ చూపించాడు.

"ఎన్నాళ్లయింది?"

"షుగరు వచ్చిన కొత్తలో తిమ్మిరిగా ఉండేది. తర్వాత తిమ్మిరి కూడా పోయింది. ఏడాదయ్యుంటుంది." గొంతు తగ్గించాడు. "తగ్గిపోయిందనుకున్నా."

"తగ్గిపోయిందనుకున్నాడంట!" అని ఆవిడ నా వైపు తిరిగింది, న్యాయం చెప్పమన్నట్టు. మాట నవ్వులా మొదలై ఏడుపులో ముగిసింది. కొంగు తడిపి పుండు చుట్టూ తుడిచింది.

 మేస్త్రి పరిచిన రాళ్లనే చూస్తున్నాడు. ఆయన ఏమాలోచిస్తున్నాడో ఊహించడం కష్టం కాదు. ఆ చెప్పు తెగకపోతే, పొద్దున్నే దిగే మాకేమీ తెలిసేది కాదు. సెలవుల్లో మధ్యాహ్నం పిల్లలొచ్చేదాకా ఎవరికీ తెలిసేది కాదు. అప్పటికి ఆయన పని ముగించుకుని వెళ్లిపోయి ఉంటాడు. ఇప్పుడు నిజం చెబితే మాత్రం ఆ పేరు ఇవాళ్టితో సరి. పాదాలకు స్పర్శ లేని పాదాల మేస్త్రిని ఎవరు పిలుస్తారు?

"ప్రెసిడెంటు గారిని పిలవండి సార్," అన్నాడు.

ప్రెసిడెంటు వచ్చాడు. మేస్త్రి లేవబోతే భార్య భుజం నొక్కి కూర్చోబెట్టింది. కూర్చునే చెప్పాడు. రాయి కాలుతోంది, తన అరికాళ్లు పనిచేయడం లేదు, ఆ రోజు ఇరవై లెక్కపెట్టింది ఉత్త నోరే.

"అంటే ఇన్నాళ్లూ గుడ్డివాడి చేత రంగులు ఎంపిక చేయించుకున్నామన్నమాట."

"అవును సార్."

"వేరే మనిషిని చూసుకోవాల్సిందే."

"చూసుకోండి సార్. కింద చేసిన పనిలో మాత్రం చెయ్యి పెట్టనివ్వకండి. సందులు మూసేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది."

అంతవరకూ తల వంచుకుని కట్టు కడుతున్న భార్య అప్పుడు తలెత్తింది. "అయ్యా, ఈయనకి పోయింది అరికాళ్లే. చేతులు పోలేదు, బుద్ధి పోలేదు. కాళ్లంటారా, నావున్నాయి. ఇందాక చూశారుగా అవెలా గెంతాయో."

నేను వాదనలు చేసే మనిషిని కాను. ఆ రోజు మాత్రం, ఆ రాతి మీద నేనూ చెప్పులు విప్పలేదని, మీరూ విప్పలేదని, తప్పులో ముగ్గురికీ వాటా ఉందని ప్రెసిడెంటుతో అన్నాను. ఆయన నా వంక వింతగా చూశాడు. తర్వాత తన బూట్లలోంచి ఒక కాలు తీసి, రాతి మీద ఆనించి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"సెలవుల్లోపు అయిపోవాలి," అని వెళ్లిపోయాడు.

మర్నాడే పరిచిన రాళ్లు పెకిలించడం మొదలైంది. పెద్దగా అతుక్కోకముందే కాబట్టి చాలా పలకలు నిండుగానే వచ్చాయి. చెప్పులతో నడిచే వెనక దారికి వాటిని వాడుకున్నాం. పనిలేని రోజున మొగుడూ పెళ్లాం ఆ ఏడాది కట్టిన మిగతా రెండు గట్లకీ వెళ్లొచ్చారు. ఆవిడ నడిచింది, ఆయన చూశాడు. ఒకటి పరవాలేదు. రెండోదాని మీద ఆవిడ ఏడు దాటి నిలబడలేకపోయిందట. ఆ యజమాని ఎన్ని తిట్టాడో నాకు చెప్పలేదు. అక్కడ మాత్రం ఎండపడే వైపు పందిరి వేసి వచ్చారు.

మా గట్టుకి పాలమీగడ రంగు ఇసుకరాయి పడింది. పని పూర్తయిన రోజు మధ్యాహ్నం రెండు గంటలకి మేస్త్రి అంచున నిలబడ్డాడు. కాళ్లకి మెత్తటి కొత్త బూట్లు. డాక్టరు చెప్పినవి. వాటిలో ఆయన ఎరువు తెచ్చుకున్న కాళ్ల మీద నిలబడ్డట్టు ఇబ్బందిగా ఉన్నాడు. ఆవిడ చెప్పులు విడిచి రాతి మీదికి వెళ్లింది. ఆయన లెక్క మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. చూపు ఆవిడ మొహం మీదే.

ఇరవై అయింది. ఆవిడ కదల్లేదు. ఇరవై ఐదు అయింది. ముప్పై.

"ఏమే, ఎలా ఉంది?"

ఆవిడ కళ్లు మూసుకుంది.

"కాలుతోందా? దిగు! దిగమంటున్నానా!" అని ఆయన బూట్లతోనే రాతి మీదికి రెండడుగులు వేశాడు.

"ఉండవయ్యా," అంది ఆవిడ కళ్లు తెరవకుండానే. "ముప్పై ఏళ్లనుంచీ నువ్వే నిలబడ్డావు. నన్ను కాసేపు నిలబడనీ."