కరీంనగర్ మొత్తానికి నేను చూపించిన పాలపిట్ట

పరువు పోగొట్టుకోవడానికి కొందరికి జీవితకాలం పడుతుంది. నాకు ఖతార్‌లో ఒక్క ఉదయం చాలింది. అదీ చాటుగా కాదు, వీడియో కాల్‌లో కరీంనగర్‌లోని మా అత్తగారి వీధంతా చూస్తుండగా.

అప్పటికి నేను బైనాక్యులర్ కొని మూడు వారాలు. రెండు కొంగల్నీ, మా బాల్కనీలో పావురాన్నీ తడుముకోకుండా గుర్తుపట్టాను కాబట్టి పక్షుల గురించి ఇక తెలుసుకోవలసిందేమీ లేదనుకున్నాను. అంతలో దసరా వచ్చింది. మా కంపెనీ డ్రైవర్ మల్లన్నది జగిత్యాల దగ్గర పల్లె. దసరానాడు పాలపిట్టను చూస్తే ఏడాదంతా శుభమని మన నమ్మకం కదా, ఆయన చూసి ఆరేళ్లయింది.

"అందుకేనేమో సార్, నా బిడ్డ రెండుసార్లు పరీక్ష రాసినా నౌకరి రాలే. మళ్ల రాసింది" అన్నాడు.

బుద్ధున్నవాడైతే ఓదార్చి ఊరుకునేవాడు. నేను చూపిస్తానని మాటిచ్చాను.

పండుగ శుక్రవారం పడింది. పొద్దున్నే నేనూ, మా ఆవిడ సుజాతా మల్లన్న బండిలో అల్ ఖోర్ దాటి ఉత్తరాన మడ అడవికి వెళ్లాం. నీళ్లు వెనక్కి పోయి ఎటు చూసినా బురద. ఆ బురద అవతల కొమ్మ మీద నీలిరంగు కదిలింది.

"అదిగో, రెక్క విప్పింది" అన్నాను.

మల్లన్న చెప్పులు విడిచి దండం పెట్టాడు. సుజాత వాళ్లమ్మకు వీడియో కాల్ చేసి ఫోన్ అటు తిప్పింది. అవతల వీధంతా చేతులు జోడించింది.

"దుబాయ్‌ల గూడ పాలపిట్ట ఉంటదా బిడ్డా" అంది అత్తయ్య. ఖతార్ అని ఆవిడ ఎన్నడూ అనలేదు.

"దగ్గర్నుంచి చూపిస్తానుండండి" అని నేను ఫోన్ అందుకుని బురదలోకి దిగాను.

"సార్, అటు పోకుండ్రి, అది నేల కాదు" అన్నాడు మల్లన్న. పక్షిశాస్త్రజ్ఞుడికి డ్రైవర్ చెప్పడమేమిటి? ఏడో అడుగుకి తొడల దాకా దిగబడ్డాను. అప్పుడు గాలి వీచి పిట్ట ఇటు తిరిగింది.

"అల్లుడూ, పిట్ట మీద అరబ్బీల ఏందో రాసున్నది" అంది అత్తయ్య.

అది సూపర్‌మార్కెట్ కవరు. తూలి కొమ్మ పట్టుకోబోతే కొమ్మ జారింది, కవరు చేతికొచ్చింది. మల్లన్న బండిలోంచి తాడు తెచ్చి విసిరి లాగాడు. నేను వచ్చాను గానీ బూట్లు రాలేదు. ఆయన ముఖం చూడాలంటే నిజంగానే సిగ్గేసింది.

"పిట్ట కాదని నాకు ముందే అనుమానమైంది సార్. మీరు గంత సంబురంగ చూపిస్తున్నరని ఊకున్న. నేనైతే మనసుల పాలపిట్టకే మొక్కిన" అంటూ నా చేతిలోని కవరు తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పారేయడానికే అనుకున్నాను.

రెండు నెలలకు మల్లన్న మిఠాయి డబ్బాతో వచ్చాడు. బిడ్డకు నౌకరీ వచ్చిందట. ఆ సంతోషంలో నా కళ్లూ చెమర్చాయి.

"కవరు కడిగి రూంల దేవుని పటం పక్కకు పెట్టిన సార్. మా లేబర్ క్యాంప్‌ల నలుగురు వచ్చే దసరాకు దర్శనానికి పేర్లిచ్చిండ్రు. మీరొచ్చి చూపిస్తెనే ఫలమట" అన్నాడు.

ఆ మిఠాయి మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇకమీదట నా నెత్తిన రెట్ట వేస్తే తప్ప దేన్నీ పక్షి అనను.