నెల తప్పిన నాలుగో రోజుకే చలిమిడి

నిర్ధారణ కాని వార్తను అచ్చుకు పంపొద్దని మా డెస్కులో కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెబుతుంటాను. ఆ పాఠం నేనెక్కడ నేర్చుకున్నానో మాత్రం ఇన్నేళ్లూ దాచాను. ఇవాళ చెబుతాను. నవ్వండి, పరవాలేదు. మా ఇంట్లో ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

అప్పటికి పెళ్లయి ఏడాది. గుంటూరులో ఒక పత్రికలో సబ్ ఎడిటర్ని. ఆ ఫిబ్రవరిలో పొద్దున్నే వికారం, మధ్యాహ్నానికి గుండెల్లో మంట. నెల తప్పి నాలుగు రోజులు. పైగా నాలుక పులుపు కోసం ఒకటే గోల. ఇంకేం కావాలి? సాయంత్రానికల్లా మనసులోనే పిల్లకు పేరు పెట్టి, బళ్లో కూడా చేర్పించేశాను.

టెస్ట్ కిట్ కొందామంటే మందుల షాపాయన మా మామగారి నేస్తం. సిగ్గుపడి ఊరుకుని, అత్తయ్య చెవిలో ఊదాను.

"నిజమేనా అమ్మాయ్?"

"అన్ని లక్షణాలూ ఉన్నాయత్తయ్యా!"

"ఎవరికీ చెప్పకు, దిష్టి తగులుద్ది" అన్నారావిడ. పది నిమిషాల్లో ఆవిడే ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశారు.

మర్నాడు పొద్దున్నే పొదిలి నుంచి అమ్మ ఫోన్. "చలిమిడి చేసుకుని బస్సెక్కానే!"

"చలిమిడి మూడో నెలలో కదమ్మా పెట్టేది?"

"అప్పుడు మళ్లీ చేస్తాలే. బస్సు కదిలింది, పెట్టెయ్."

అప్పుడు పట్టుకుంది భయం. పుట్టింటి చలిమిడి వీధంతా పంచాక, 'అబ్బే, ఏమీ లేదు' అని ఏ మొహంతో చెప్పను? పరుగున డాక్టరమ్మ దగ్గరికెళ్లాను.

"ఏం తింటున్నారు?" అందావిడ.

"మామూలేనండీ. ఈ ఏటి పండుమిరపకాయ పచ్చడి."

"ఎన్ని పూటలు?"

"మూడు పూటలా. జాడీకెత్తి ఇరవై రోజులైంది."

"కడుపులో మండలేదా?"

"పుట్టిల్లు పొదిలి, మెట్టినిల్లు గుంటూరు. మాకు కారం పడకపోవడమేంటండీ?" అన్నాను, లేని మీసం మెలేస్తూ.

ఆవిడ పరీక్ష చేయించి, కాగితం నా ముందుకు తోసింది. "మీ కడుపులో ఉన్నది పచ్చడేనమ్మా. నెలసరి ఒక్కోసారి ఇలా ఆలస్యమవుతుంది. పదిహేను రోజులు కారం ముట్టకండి."

ఇంటికొచ్చేసరికి వరండాలో అమ్మ, చలిమిడి డబ్బా, చుట్టూ వీధి ఆడవాళ్లు ఎనిమిది మంది. ఉన్నమాట చెప్పేశాను. ముందుగా తేరుకుంది అమ్మే.

"మరి ఏం తినమందే డాక్టరమ్మ?"

"కారం లేనిదేదైనా."

వియ్యపురాళ్లిద్దరూ వంటింట్లోకెళ్లి వెతికారు. పప్పులో ఎండుమిర్చి, చారులో కారం, ఆఖరికి మజ్జిగలోనూ పచ్చిమిర్చి. ఇల్లు మొత్తమ్మీద కారం తగలనిది ఆ చలిమిడి ఒక్కటే. మూడు రోజులు అదే తిన్నాను. అమ్మ ఎదురుగా కూర్చుని మరీ తినిపించింది.

మరుసటి ఏడు నిజంగానే నెల తప్పింది. ఈసారి పరీక్ష కాగితం చేత్తో పట్టుకునే అత్తయ్య ముందు నిలబడ్డాను. ఆవిడ దాని వంక చూడనైనా లేదు.

"ముందు ఆ పచ్చడి మానెయ్ అమ్మాయ్" అని జాడీ తీసుకెళ్లి అటకెక్కించారు.

అందుకే ఆ జాడీ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను: రెండు ఆధారాలు చేతికందనిదే ఈ జన్మలో ఏ వార్తా బయటపెట్టను. పచ్చడి మానేస్తానని మాత్రం ఒట్టు వేయలేను.